మన్ను లేని మడిలో బెండ



నేను హనుమకొండలోని సుబేదారి నివాసిని. నిజాము ప్రభుత్వపు రోజులలో వరంగల్లు సుబాకు అధికారియగు సుబేదారు అచ్చట నివసించుటచే ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి, పని విరమించి, ఇప్పుడు మిద్దెమీద నాలుగు కూరమొక్కలు చూచుకొనుచున్నవాడను. వ్యవసాయశాస్త్రము నా చదువు కాదు. అయినను మన్ను లేకుండ బెండ పండించుటను గూర్చియు, ఆ పంటకు పోసెడి ద్రవపుటెరువులను గూర్చియు మీతో మాటలాడుటకు సాహసించితిని. అందులకు కారణము మొదట మనవి చేసెదను.

గత సంవత్సరము నాయొద్ద చదువుకొన్న రైతొకడు మా యింటికి వచ్చెను. అతనికి నాలుగెకరముల చల్కభూమి కలదు. "పంతులుగారూ, ఒక యెకరము తాకట్టుపెట్టి పాలిహౌసు వేయవలెనని యున్నది. మట్టి యక్కరలేదట, కొబ్బరిపొట్టు సంచులలో బెండ విత్తి మందునీళ్లు పోసిన చాలునట. మీ మనుమడు మిద్దెమీద చేయుచున్నాడు గదా! చేయవచ్చునో కూడదో మీరే చెప్పుడు" అని యడిగెను. అది పుస్తకము తిరుగవేసి జవాబు చెప్పదగిన ప్రశ్న కాదు. ఒక యింటివారి కూడు దానిమీద నాధారపడియున్నది. కావున నేను వెంటనే ఏమియు చెప్పలేదు. ఒక పంటకాలము మా సంచులను కనిపెట్టి చూచి, కొంత చదివి, కొంత చెడగొట్టి, పిమ్మట చెప్పితిని. ఆ జవాబునే మీకును విన్నవించెదను. ఏలనన, రేపు మీ యూళ్ల పడుచువాండ్రు మిమ్ములను ఇదే ప్రశ్న యడుగుదురు.

మన పూర్వులు చెట్టునకు పాదపమని పేరు పెట్టిరి. పాదములతో త్రాగునది గనుక పాదపము. ఈ పేరులో ఒక శాస్త్రసత్యమే యిమిడియున్నది. చెట్టు తినదు, త్రాగును. దానికి దంతములు లేవు. మనము పొలములో వేసిన పెంటయైనను, బస్తాలోని గుళికలైనను నీటిలో కరగి, ఉప్పులుగా మారి, వేరుకొనలయందలి నూగువంటి సన్నని కేశముల ద్వారా లోనికి పోవలసినదే. కాగా ఎరువులన్నియు తుదకు ద్రవపుటెరువులే యగుచున్నవి. మన్ను ఉన్నచోట ఆ ద్రవమును మన్ను సిద్ధపరచును. మన్ను లేనిచోట మనుష్యుడు సిద్ధపరచవలెను. భేదమంతయు నింతియే. వినుటకిది చిన్నదిగా తోచును. చేయబోయినప్పుడు గాని దాని బరువు తెలియదు.

ఈ సంగతి పాశ్చాత్యులకును తేలికగా దొరకలేదు. బ్రస్సెల్సు పట్టణమునకు చెందిన వాన్ హెల్మాంటు అను వైద్యుడు ఒక తొట్టిలో 200 పౌనుల ఎండుమన్ను తూచి పోసి, అందు 5 పౌనుల బరువుగల విల్లో యను చెట్టుకొమ్మను నాటెను. అయిదేండ్లు దానికి నీరు తప్ప మరేమియు పోయలేదు. చెట్టు పెరిగి 169 పౌనులు తూగెను. మన్ను మరల తూచి చూడగా రమారమి రెండు ఔన్సులు మాత్రమే తగ్గియుండెను. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన నిశ్చయించెను. ఆయన గతించిన పిదప 1648లో ఈ వృత్తాంతము అచ్చయ్యెను. ఆ నిశ్చయము సగమే నిజము. చెట్టు దేహములో అధికభాగము నీటినుండియు, గాలియందలి బొగ్గుపులుసు వాయువునుండియు వచ్చుచున్నది. తగ్గిన ఆ రెండౌన్సులను ఆయన లెక్కలోనికి తీసికొనలేదు. మనము ఎరువనునది ఆ రెండౌన్సులనే.

1699లో ఇంగ్లండునందు వుడ్‌వర్డు అను నాయన పుదీనా జాతి మొక్కలను వాననీటిలోను, థేమ్సు నదినీటిలోను, తోటమన్ను కలిపిన నీటిలోను వేరువేరుగా పెంచి, నిర్మలమైన వాననీటికంటె మన్ను కలిసిన నీటిలో మొక్క బాగుగ నెదుగుట చూచెను. 1860 ప్రాంతమున జర్మనీ దేశమున సాక్సు, క్నాపు అను పండితులు ఏయే లవణములు కరగించినచో మన్ను లేకయే మొక్క బ్రదుకునో తేల్చిరి. నేటికి తేలిన లెక్క ప్రకారము మొక్కకు 17 మూలద్రవ్యములు కావలెను. అందు మూడు గాలినుండియు నీటినుండియు లభించును. తక్కిన 14 వేరు ద్వారమున పోవలెను. వీనిలో ఒక్కటి కొరవడినను తక్కిన పదమూడును వ్యర్థమగును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరికె యను నాచార్యుడు ఈ పద్ధతిని ప్రయోగశాలనుండి పంటతొట్లలోనికి దించి, 1937లో దానికి హైడ్రోపోనిక్సను పేరు ప్రకటించెను. మన దేశమున 1946లో షోల్టో డగ్లసు అను ఆంగ్లేయుడు బెంగాలునందలి కాలింపాంగులో ప్రయోగములు మొదలుపెట్టి, ఖరీదైన యంత్రములు లేకుండ సామాన్యులు చేయదగిన మార్గమును వెదకి, 'బెంగాలు పద్ధతి' యని 1951లో గ్రంథము ప్రకటించెను. కాబట్టి ఇది నిన్న మొన్నటి వింత కాదు.

నేను సంస్కృతము చదువుకొన్నవాడనగుటచే నా మనస్సు మన గ్రంథములవైపు పోయెను. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను అధ్యాయము కలదు. సురపాలుడను పండితుడు ఆ పేరనే ఒక ప్రత్యేక గ్రంథము రచించెను. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియను గ్రంథాలయములో నుండగా, మన పటాన్‌చెరువులోని ఇక్రిశాటు సంస్థలో పనిచేసిన డాక్టరు యశ్వంత్ లక్ష్మణ్ నెనే గారు 1994లో దాని నకలు తెప్పించిరి. నళినీ సాధలేగారి ఆంగ్లానువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను వారు 1996లో దానిని అచ్చు వేయించిరి. అందు కుణపజలమను ద్రవపుటెరువు చెప్పబడినది. కుణపమనగా శవము, దాని దుర్గంధమునుబట్టి ఆ పేరు. మాంసము, క్రొవ్వు, మజ్జ మున్నగువానిని ఉడికించి, నువ్వుల తెలకపిండి, పాలు, తేనె, నెయ్యి, మినుములు చేర్చి, కుండలో వెచ్చనిచోట పులియబెట్టి చెట్టు పాదులో పోయుదురు. నేడు మన రైతులు పేడ, గోమూత్రము, బెల్లము, పప్పుపిండి, పిడికెడు మన్ను 200 లీటర్ల నీటిలో కలిపి పులియబెట్టు జీవామృతము దానికి చుట్టమే యని చెప్పవచ్చును.

ఇక నేను చెడగొట్టిన కథ వినుడు. మా మనుమడు మిద్దెమీద తెల్లని జాలిపందిరి వేసి, నలుబది సంచులలో కొబ్బరిపొట్టు నింపి బెండ విత్తెను. అతడు చిన్న త్రాసులో ఉప్పులు తూచుచుండగా చూచి నాకు నవ్వు వచ్చెను. ఎన్నడో మనవారు వ్రాసిపెట్టిన విద్య యుండగా ఈ పరదేశపు ఉప్పులేల యని, పది సంచులు నాకు విడిచిపెట్టుమంటిని. జీవామృతము కలిపి వానికి పోయసాగితిని. పదునైదు దినములు గడచునప్పటికి నా మొక్కలు పాలిపోయెను. నీరు పోవు సన్నగొట్టములు పూడుకొనెను. కంపు భరింపలేక ప్రక్కయింటివారు కిటికీలు మూసికొనిరి. ఒక మొక్కను పెరికి చూడగా వేళ్లు గోధుమరంగు తిరిగి మెత్తబడియుండెను. మనుమడు నన్నొక్క మాటయు ననలేదు. "తాతా, క్రింద మన్నుండిన నీ మందే గెలిచియుండును" అని మాత్రము చెప్పెను.

ఆ మాటలోని సత్యము ఆలోచించినకొలది నాకు బోధపడినది. పేడయందలి సత్తువ మొక్క వెంటనే త్రాగదగిన రూపమున నుండదు. మన్నులోని కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని కుళ్లజేసి, విరిచి, అమ్మోనియాగా మార్చును. పిమ్మట మరియొక జాతి జీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఈ రెండవ పని సూక్ష్మజీవులదేయని 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు నిరూపించెను. మన్నులో ఈ వంటవాండ్రు కోట్లకొలది కలరు. కడిగిన కొబ్బరిపొట్టులో వారు చాలినంతమంది లేరు. నేను పోసిన పదార్థము అరకొరగా కుళ్లుచు వేళ్లకు కావలసిన ప్రాణవాయువును తానే హరించెను. ఇట్టి సేంద్రియద్రవములను వడపోసి, గాలి నూది, సూక్ష్మజీవులను ముందుగా పెంచి వాడు పద్ధతులు లేకపోలేదు. అవి చేయితిరిగినవారికి, క్రొత్తవారికి కావు.

మన్ను చేయు ఉపకారమిది యొక్కటియే కాదు. ఎరువు ఎక్కువైనచో బంకమన్ను కొంత పట్టియుంచి, తక్కువైనప్పుడు విడుచును. నీరు తప్పినచో నాలుగు దినములు కాపాడును. పులుపు, క్షారము హెచ్చుతగ్గులైనచో కొంతవరకు సర్దును. మన తప్పులను అది మనకు తెలియనీయకనే సహించుచుండును. అమరకోశము భూమికి సర్వంసహ యను పేరిచ్చినది; రస యనియు నొక పేరు కలదు. ఈ రెండు పేర్లును బడిలో పిల్లలచేత వల్లెవేయించితిని గాని, వాని యర్థము మిద్దెమీది పది సంచులు చెడిన నాటికి గాని నాకు తెలియలేదు. మన్నును విడిచినవాడు ఆ సహనమును కూడ విడిచినవాడు. ఆ సహనమునకు బదులు తూకమును, దినదిన పరీక్షయు నిలుపవలెను.

బెండకాయ తిన్నవానికి లెక్కలు వచ్చునని మన యిండ్లలో తల్లులు పిల్లలకు చెప్పుదురు. మన్ను లేని బెండ విషయములో పండించువానికే ముందుగా లెక్కలు వచ్చియుండవలెను. ఆ లెక్కను సులభముగా చెప్పెదను.

వేయి లీటర్ల నీటికి కాల్షియం నైట్రేటు 900 గ్రాములు, సురేకారము, అనగా పొటాషియం నైట్రేటు, 400 గ్రాములు, అంగడిలో 0-52-34 అని అమ్మెడి మోనో పొటాషియం ఫాస్ఫేటు 200 గ్రాములు, భేదియుప్పు, అనగా మెగ్నీషియం సల్ఫేటు, 450 గ్రాములు. ఇవి పెద్ద దినుసులు. ఇట్లు కలిపినచో లీటరు నీటిలో నత్రజని సుమారు 190, భాస్వరము 45, పొటాషు 200, సున్నపుధాతువు 170, మెగ్నీషియము 44 మిల్లీగ్రాములు చేరును. ఇక చిన్న దినుసులు: నీటిలో త్రుప్పుపట్టకుండ చిలేటురూపమున కట్టిన ఇనుము, 12 శాతముది, 20 గ్రాములు, బోరిక్ ఆమ్లము 3 గ్రాములు, మాంగనీసు సల్ఫేటు 2 గ్రాములు, తెల్లతుత్తము అరగ్రాము, మైలుతుత్తము గ్రాములో అయిదవపాలు, సోడియం మాలిబ్డేటు గ్రాములో పదవపాలు. వీనిని పిడికిలితో వేయరాదు. బంగారము తూచునట్టి త్రాసు కావలెను. మైలుతుత్తము గ్రాములో అయిదవపాలు మందు. అదే చెంచెడు పడినచో విషము.

ఇవన్నియు ఒకే డ్రమ్ములో చిక్కగా కలుపరాదు. ఇది మా మనుమడు చేసిన తప్పు. నా తప్పు చెప్పితిని గనుక అతనిదియు చెప్పుట న్యాయము. మొదటిసారి శ్రమ తగ్గునని అన్ని ఉప్పులను ఒకే డ్రమ్ములో పోసెను. మరునాటికి అడుగున తెల్లని మడ్డి పేరుకొనెను. కాల్షియము సల్ఫేటుతో కూడి జిప్సముగాను, భాస్వరముతో కూడి కరగని సున్నపురాయివంటి పదార్థముగాను మారినది. పైన తేరిన నీటిలో మొక్కకు కావలసినది మిగులలేదు. కావున మొదటి డ్రమ్ములో కాల్షియం నైట్రేటును ఇనుమును, రెండవ డ్రమ్ములో తక్కినవన్నిటిని వేరువేరుగా చిక్కని ద్రావణములుగా నుంచవలెను. పైని చెప్పిన తూకమును ఒక్కొక్క డ్రమ్మున పదేసి లీటర్ల నీటిలో కరగించినచో, పోయునాడు ఈ పది, ఆ పది వేయి లీటర్ల నీటిలో కలుపుకొనవచ్చును. పలుచబడిన పిదప అవి కలిసియుండును, చిక్కగానున్నప్పుడు పొసగవు. గొట్టములు పూడుకొనుట, ఆకు పాలిపోవుట యను రెండు బాధలకు ఈ యొక్క జాగ్రత్త తప్పుటయే తరచు కారణము.

ఇచ్చట మన రైతులకొక హెచ్చరిక అవసరము. యూరియా చవుక గదా, డీఏపీ యింట నున్నది గదా యని వానిని కరగించి పోయరాదు. యూరియాను మార్చుటకు మన్నులోని జీవులే కావలెను. గుళిక యెరువులు పూర్తిగా కరగవు. 19-19-19 అను ఎరువు చక్కగా కరగును గాని, అందు కాల్షియము లేదు, మెగ్నీషియము లేదు. పొలములో ఆ లోటును మన్ను తీర్చును. సంచిలో తీర్చువారు లేరు.

ద్రావణము పలుచనో చిక్కనో కంటికి తెలియదు. దానికి ఈసీ మీటరని చేతిలో పట్టునంత యంత్రము కలదు. నీటిలో ఉప్పు హెచ్చిన కొలది విద్యుత్తు సులభముగా పారును. ఆ పారుదలను అది అంకెగా చూపును. బెండకు మొలక దశలో 1 చాలును. నాలుగాకులు తొడిగిన పిదప క్రమముగా పెంచి, పూత నాటికి 2 నుండి 2.4 వరకు నుంచవచ్చును. అంతకు మించినచో మంచిది గదా యని యనుకొనరాదు. మామిడిముక్కలపై ఉప్పు చల్లిన ముక్కలోని నీరు బయటికి ఊరును గదా! ద్రావణము అతిగా ఉప్పనైనచో వేరునకును అదే గతి పట్టును. చుట్టును నీరుండగనే మొక్క దప్పితో వాలిపోవును. రైతు చూచి, ఎరువు చాలలేదని యింకను పోయును, మొక్క చచ్చును.

రెండవది నీటి గుణము. మన బోరునీరు పలుచోట్ల సున్నపునీరు. అన్నము వండిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టుట మీరెరిగినదే. అట్టి నీటిలో పీహెచ్ అనెడి అంకె 7 దాటును. బెండకు 6 మొదలు 6.5 వరకు నుండుట మేలు. అది 7 మించినచో ఇనుము కరగియున్నను మొక్కకందదు. నీటిని ముందుగా పరీక్ష చేయించి, కొలతగా ఆమ్లము చేర్చి దించుకొనవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని, నీటిని ఆమ్లములో పోయరాదు. మిద్దెనీరు పట్టి దాచుకొనగలిగినచో వాననీటికి సాటి లేదు. కొబ్బరిపొట్టును కూడ రెండు మూడు సార్లు మంచినీట కడిగి, అందలి ఉప్పు పోయిన పిదపనే వాడవలెను.

బెండకు తల్లివేరు లోతుగా దిగును. నారు పోసి పీకి నాటిన నొచ్చుకొనును. కావున విత్తనమును రాత్రి నానబెట్టి, అడుగు లోతుగల సంచిలోనే నేరుగా విత్తవలెను. వేరునకు నీరెంత ముఖ్యమో గాలియు నంత ముఖ్యము. సంచి యడుగున రంధ్రములుండి, పోసిన నీటిలో పదింట ఒకటి రెండు పాళ్లు బయటికి జారవలెను. అట్లు జారునీరు మిగిలిన ఉప్పును కడిగి తెచ్చును. ఒకేసారి కడవెడు పోయుటకంటె, ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు కొంచెము కొంచెముగా పలుమారులు పోయుట మంచిది. మా మిద్దెమీద ఏప్రిలు మాసమున కాపుమీదనున్న చెట్టు దినమునకు లీటరునకు మించి త్రాగెడిది. నల్లని డ్రమ్మును ఎండలో నుంచరాదు. కాగిన నీటిలో ప్రాణవాయువు తగ్గును, వేరు కుళ్లును.

ఇక ఆకును చదువు విద్య. బడిపంతులకు ఇందే ఎక్కువ ఆనందము కలిగినది. నత్రజని, పొటాషు, మెగ్నీషియము మొక్కలో కదలగల ద్రవ్యములు. లోటు వచ్చినప్పుడు ముదురాకులు తమలోనిదానిని లేతాకులకు పంపి తాము వాడును. ఇంట గింజలు తక్కువైననాడు పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లు. కావున అడుగు ఆకులంతటను పసుపెక్కిన నత్రజని లోటు. అడుగు ఆకుల అంచులు మాడిన పొటాషు లోటు. ఇనుము, కాల్షియము కదలలేవు. వాని లోటు లేతాకులలోను, చిగురులోను కనబడును. లేతాకున ఈనెలు పచ్చగానుండి నడుమభాగము పసుపైనచో ఇనుమందుట లేదని గ్రహింపవలెను.

దీనికి తలక్రిందుగా కనబడునది మరియొకటి కలదు. ఈనెలు పసుపై, నడుమభాగము ఆకుపచ్చగా మిగిలినచో అది ఎరువు లోటు కాదు, పల్లాకు తెగులు. తెల్లదోమ దానిని మొక్కనుండి మొక్కకు మోసికొనిపోవును. ఈ రెండు పసుపులకు భేదము తెలియక ఎందరో తెగులు మొక్కకు ఎరువు పోయుచుందురు. దానికి ఎరువును లేదు, మందును లేదు. పెరికి పారవేసి తక్కిన మొక్కలను కాపాడుకొనవలెను. ఈనె పసుపో, నడుమ పసుపో చూచుటకు డబ్బు అక్కరలేదు. మన్నులో బెండ వేయువారికి కూడ నేడు నేను చెప్పినవానిలో ఈ యొక్క మాట యుపయోగించును.

హరితగృహమునకు నిజమైన ప్రయోజనమిచ్చటనే యున్నది. సన్నని కన్నులుగల జాలి నలుప్రక్కల బిగించినచో తెల్లదోమ లోనికి రాదు. బెండ పూవు తనలోని పుప్పొడితోనే తాను ఫలించును గనుక తేనెటీగలు లేకున్నను కాయ నిలుచును. కాని చలిదేశములలో వెచ్చదనమునకై కట్టు అద్దపుటిండ్లను చూచి మనము ప్లాస్టికు మూసి కట్టినచో, మన మే నెల యెండలకు అది పొయ్యియగును. వేడి 42 డిగ్రీలు దాటిన బెండపూత రాలును. మన ప్రాంతమునకు గాలి పారెడి జాలిపందిరియే తగినది.

ఇప్పుడు ఆ రైతునకు నేను చెప్పిన జవాబు. "నాయనా, బెండ సామాన్యుల కూర. గిరాకి లేనినాడు గంపలు సంతలోనే మిగిలిపోవును. కాయ నిలువయుండదు, రెండు దినములకొకమారు కోయకున్న ముదిరిపోవును. కొనువాడు కొన విరిచి చూచి విరుగకున్న విడిచిపోవును. ఇట్టి పంటకై ఎకరము తాకట్టు పెట్టవద్దు. 2014 తరువాత మన రాష్ట్రమున పాలిహౌసులకు 75 శాతము వరకు రాయితీ యిచ్చినమాట నిజము. రాయితీ కట్టడమునకు గాని, నడుపుటకు కాదు. కరెంటు ఒక్క పూట పోయినచో మన్నులోని బెండ తలవాల్చి నిలుచును. సంచిలోని బెండ యెండిపోవును. నీకు చల్కనేల కలదు. 2015లో మిషను కాకతీయ పేర చెరువుల పూడిక తీసినప్పుడు ఆ యొండ్రుమట్టి నీ పొలమునకు తోలుకొంటివి. కాకతీయులు త్రవ్వించిన చెరువుల సారము నీ మడిలో నున్నది. అక్కడ బెండ వేయుము, నీ జీవామృతము అక్కడ పోయుము. అది దాని చోటు."

అతడు కొంత నిరాశపడెను. నేను మరల చెప్పితిని. "నేర్చుకొనవద్దని నేననుట లేదు. మన్ను చెడినచోట ఈ విద్య పనికివచ్చును. వేళ్లకు బుడిపెలు పుట్టించు నులిపురుగు పట్టిన నేలలో బెండ నిలువదు. రాతినేలలోను, చవుడునేలలోను, పట్టణపు మిద్దెలమీదను ఇది మార్గమే. బావి గట్టున నూరు సంచులు, పైన జాలిపందిరి, రెండు డ్రమ్ములు, ఒక త్రాసు, రెండు మీటర్లు. ఒక యేడు చేయుము. దినదినము అంకెలు పుస్తకములో వ్రాయుము. ఏడాది చివర ఆ పుస్తకమే నీకు జవాబు చెప్పును."

అతడు తాకట్టు పెట్టలేదు. నూరు సంచులు పెట్టినాడు. మొదటి విడతలో ముప్పది చెడినవి. రెండవ విడతలో ఆరు మాత్రమే చెడినవి. నెలకొకసారి పుస్తకము తెచ్చి నాకు చూపును. తిన్నగా గీతలు గీసి, అంకెలు వరుసగా వేసినాడు. బడిలో ఎన్నడును అంత శ్రద్ధగా వ్రాసినవాడు కాడు.

గ్రామపెద్దలగు మీకు కడపటి మనవి యొక్కటి. సంచులనుండి జారు ఎరువునీటిని కాలువలోనికి విడువనీయకుడు. అది చెరువు చేరినచో నాచును, గుర్రపుడెక్కను పెంచును. కొబ్బరిచెట్టు పాదులోనికో, జామచెట్టు పాదులోనికో మళ్లింపుడు. సంచి సహింపని దానిని కూడ మన్ను స్వీకరించి మరల ఫలముగా నిచ్చును. మన్ను లేకుండ పండించుట నేర్చువారికి మొదట మన్ను చేయుచున్న పనులేవో నేర్పుడు. అవి తెలిసినవాడు సంచిలోనైనను పండించును. తెలియనివాడు రేగడిలోనైనను నష్టపోవును.